చేను విడవని అవ్వ

తెలంగాణ కోసం సమ్మె జరిగిన రోజుల్లో నేను మానుకోట వైపు గూడూరు దగ్గర అడవి అంచు ఊళ్లో టీచర్‌ని. బడి మూతపడింది. పగలంతా దీక్షా శిబిరంలో కూర్చుని సాయంత్రం గదికొస్తే, మాట్లాడటానికి పక్కింటి అవ్వ ఒక్కతే ఉండేది. ఎంతసేపు మాట్లాడినా ఇంటి వెనకున్న చేను వైపే చూసేది.

"బడి ఏ పాఠం కాడ ఆగింది బిడ్డా?" అని ఒకరోజు అడిగింది.

"ఆదిమానవులు అడవిల తిరుగుడు మాని ఎవుసం ఎందుకు మొదలుపెట్టిండ్రో చెప్తుంటే ఆగింది అవ్వా. తిండి చాలక అంటరు కొందరు. గింజ మొలుచుడు చూసి నేర్చిండ్రంటరు కొందరు."

అవ్వ మళ్లీ చేను వైపు తిరిగింది.

"వాళ్ల ముచ్చట నాకెర్కలేదు. మేం సుత గట్లనే తిరిగేటోళ్లం. గడ్డలు తవ్వుకుంట, తేనె తీసుకుంట ఒక్క కాడ ఉండకపోయేది. నా తొలి కొడుకు, చిన్న పోరడు, జరమొచ్చి గీడనే సచ్చిపోయిండు. పాతిపెట్టినంక అందరు లేసి నడిసిండ్రు. నాకు కాళ్లు రాలే. మా ఆయన నన్ను ఏమనలే. వాన్ని పాతిన జాగ చుట్టూత పొదలు కొట్టి జొన్నలు చల్లిండు. పంట చేతికొచ్చేదాకనన్న ఉందామన్నడు. గంతే, ఉండిపోయినం."

ఆయన పోయి ఏళ్లయింది. కూతురు మానుకోటలో ఉంటోంది.

సమ్మె ముగిశాక నాకు జనగామ బదిలీ అయింది. చెప్పిపోదామని వెళితే అవ్వ ఒంటరిగా జొన్నలు చల్లుతోంది. చేను నడుమ చిన్న రాళ్లకుప్ప ఉంది.

"నాతోని మానుకోట దాక రా అవ్వా, బిడ్డ దగ్గర ఉందువు," అన్నాను.

అవ్వ చేతిలోని గింజలు చల్లేసి నావైపు తిరిగింది.

"నేను పోతే వాడు ఒక్కడైతడు బిడ్డా."