గిన్నె అడుగు

వీధిలో అందరూ అతన్ని గీటు మావయ్య అంటారు. వెండి దుకాణంలో గీటురాయి ముందు కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. గిన్నె అడుగును నల్లరాయి మీద గీసి, ఆ గీత మీద ఒక చుక్క మందు వేస్తాడు. ఎర్రగా తేలితే మేలిమి, మట్టిరంగుకు దిగితే రాగి ఎక్కువ. "గీటు బాగుంది" అని అతనన్నాడంటే ఇక మరో మాట లేదు, కళ్లు మూసుకుని కొనుక్కుపోతారు.

ఎప్పుడూ అడుగే ఎందుకు గీస్తాడంటారా? అంచు మీద గాటు పడితే ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? దుకాణం యజమాని, అంటే అతని భార్యకు అన్నగారు, సరిగ్గా అక్కడే ఉపాయం పన్నాడు. పెద్ద బుర్రే లెండి! గిన్నె అడుగున మందంగా మేలిమి రేకు అతికిస్తాడు. మిగతాదంతా సగానికి సగం రాగి, పైన వెండిపూత.

ఈ సంగతి మావయ్యకు తెలిసి ఎనిమిదేళ్లు. ఏం చేస్తాడు? ఉద్యోగం బావగారిది, దుకాణం మీద తను కాపురముంటున్న రెండు గదులూ బావగారివే. నోరు విప్పితే ఆ పూటే సామాను వీధిలో ఉంటుంది. "నేను గీసిన చోట వెండే ఉంది, నేనేం అబద్ధమాడలేదు" అని తనకు తనే సర్దిచెప్పుకుంటూ, కుడితిలో పడ్డ ఎలుకలా రోజులు వెళ్లదీస్తున్నాడు.

ఒక మధ్యాహ్నం అతని అక్క వచ్చింది. కొనడానికేమోనని అతని గుండె జారింది. కొనడానికి కాదు.

"ఒరే తమ్ముడూ, ఇంట్లో వెండంతా కరిగించేద్దామనుకుంటున్నాన్రా. మనవరాళ్లు ముగ్గురు, గిన్నెలు పదకొండు. ఎలా పంచినా ఒకత్తి మూతి ముడుచుకుంటుంది. కరిగించి మూడు ముద్దలు చేసిచ్చేస్తే గొడవే ఉండదు. అన్నీ ఇక్కడ నువ్వు గీసి ఇచ్చినవేగా!"

కరిగితే ఇక రేకేదీ, రాగేదీ? ముద్దను ఎక్కడ గీసినా బండారం బయటపడుతుంది. ఇప్పుడే చెప్పేద్దామని మావయ్య నోరు తెరిచాడు.

గల్లాపెట్టె దగ్గర బావగారు తల కూడా ఎత్తలేదు. "పైన మా చెల్లాయి ఒక్కతే ఉంది బావా. మీ అక్కగారిని మంచినీళ్లు తాగి వెళ్లమను," అన్నాడు.

మావయ్యకు ఏడుపొచ్చినంత పనైంది. తనమీద తనకే అసహ్యం వేసింది.

"కరిగించకక్కా," అన్నాడు. "తరుగు పోతుంది. మేలిమి సరుకు, అలాగే ఉంచుకో."

ఇన్నాళ్లూ రాయి చూపిందే చెప్పాడు. ఈ మాట మాత్రం ఏ రాయీ చూపలేదు, అచ్చంగా అతనిదే.

అక్క మొహం విప్పారింది. "నువ్వు చెప్పాక ఇంకేముంది! ముడుచుకునేవాళ్లు ముడుచుకోనీ. కానీ నా తర్వాత ఆ పిల్లలకి నువ్వే దగ్గరుండి చెప్పాలి సుమా, ఇవి మేలిమివని. నీ మాటైతేనే నమ్ముతారు."

"అలాగేనక్కా," అన్నాడు మావయ్య.