షెడ్యూలులో లేని బావి

1957లో నేను కడపలో కోర్టు ఆమీనుగా ఉండేవాణ్ణి. కోర్టు ఇచ్చిన తీర్పును ఊళ్లోకి తీసుకుపోయి అమలు చేసేవాడే ఆమీను. భూమి స్వాధీనం చేయాలంటే తప్పెట కొట్టించి, హద్దులు చూపి, ఆ చేలోంచి మట్టిగడ్డ ఒకటి తీసి గెలిచినవాడి చేతిలో పెట్టాలి. ఓడినవాళ్ల మొహం చూడటం నా పని కాదనుకునేవాణ్ణి.

ఆ ఎండాకాలం మైదుకూరు దగ్గరి ఒక పల్లెకు, భూమి స్వాధీనం చేయించే డెలివరీ వారంటు తీసుకొని వెళ్లాను. గెలిచినవాడు ఓబులేసు. చేను వదలాల్సింది అతను విడిచిన భార్య సుంకమ్మ. కులపంచాయతీలో విడాకులు అయిపోయాయి. చేని పత్రం ఓబులేసు పేరున ఉంది కాబట్టి తీర్పూ అతని వైపే వచ్చింది. ఆమె మాత్రం చేలోనే కొట్టం వేసుకొని కదలలేదు.

బస్సు దిగగానే ఓబులేసు ఇంట్లో సంగటి, కోడికూర తిన్నాను. తగాదాలో ఉన్నవాళ్ల ఇంట ఆమీను చేయి కడగకూడదు. తెలిసే తిన్నాను.

చేలోకి వెళ్లేసరికి సుంకమ్మ గడ్డపార పట్టుకొని బావి గట్టున నిలబడి ఉంది.

"ఆ కాయితంలో ఏం రాసుండాదో చదువప్పా," అంది.

షెడ్యూలు చదివాను. ఆస్తి వివరాన్ని షెడ్యూలంటారు. కొన్ననాటి పత్రంలోంచి ఎత్తి రాస్తారు. నాలుగెకరాల మెట్టచేను, నాలుగు హద్దులు.

"బావి యాడుండాది దాంట్లో?"

లేదు. అది తర్వాత తవ్విన బావి. ఓబులేసు బాడుగ బండి తోలుతూ ఊళ్లు తిరుగుతుంటే, ఆమె, ఆమె చెల్లెలు వేసవి వేసవికీ తవ్వి నీళ్లు తెప్పించారు. రాతి కట్టుబడీ వాళ్లదే. చుట్టూ చేరిన ఊరివాళ్లు ఆ మాటే చెప్పారు. ఓబులేసు కాదనలేదు.

"చేలో ఉన్న బావి చేనితోనే పోతుందమ్మా," అన్నాను.

"పత్రంలో ఎట్లుంటే అట్లే ఇస్తా. మెట్టచేను గదా, మెట్టచేనే తీసుకోమను."

గడ్డపారతో కట్టుబడి పైరాయి పెకలించి బావిలోకి దొర్లించింది.

ఓబులేసు అరిచాడు. "పిచ్చి పట్టిందా నీకు? ఈ నీళ్లతో పసుపు పంట పెట్టల్లని చూస్తాండా!"

"నీ పత్రానికి చెప్పు, నీళ్లు తోడి పోస్తాది."

జనం నవ్వారు. ఆమెను పట్టుకోమని నా వెంట వచ్చిన తప్పెటవాడితో అన్నాను. అతను కదల్లేదు. "నేను తప్పెట కొట్టేకి వచ్చినా సామీ, ఆడమనిషిని పట్టేకి కాదు."

"నీకేం కావాలమ్మా?" అని విసుక్కున్నాను.

"ఈ బావి సుంకమ్మ తవ్విందని నీ కాయితం మీద రాయి."

"అట్లాంటివి రాయడానికి ఈ కాగితంలో గడి లేదు."

"గడి లేదా? అయితే బావీ లేదు." రెండో రాయి దొర్లింది. గడ్డపార మూడో రాయి కిందికి పోయింది.

ఓబులేసు నా చెయ్యి పట్టుకున్నాడు. "రాయి సారూ! ఆ యమ్మి తవ్విందే. యాలిముద్ర ఏస్తా, రాయి!"

రాశాను. ఇద్దరి వేలిముద్రలూ తీసుకున్నాను. తర్వాతే మట్టిగడ్డ ఓబులేసు చేతిలో పెట్టాను. సుంకమ్మ ఆ రాత నకలు తీసుకొని పెద్దమనుషుల ముందు కూర్చుంది. వేలిముద్ర వేసినవాడు కాబట్టి ఓబులేసూ పంపకానికి ఒప్పుకున్నాడు. చేను అతనికి, నీళ్లలో సగం ఆమెకు అని పెద్దమనుషులు తేల్చారు. పక్కచేను గుత్తకు తీసుకొని ఆమే పసుపు పెట్టింది.

చాలా ఏళ్లు ఈ సంగతి ఓబులేసు మీద తమాషాగా చెప్పుకొని నవ్వాను. నిజానికి అందులో నవ్వులపాలు కావలసింది నేను. ఊరంతా చెప్పినా, ఆమె అడిగినా దొరకని చోటు, పత్రమున్నవాడు అడగ్గానే నా కాగితం మీద దొరికింది. ఆ చోటు మొదటినుంచీ ఖాళీగానే ఉంది.

ఆ తర్వాత ఏ చేలోనైనా తప్పెట కొట్టించే ముందు, వదిలి పోయేవాళ్లను అడిగేవాణ్ణి: "ఇక్కడ నీ చేత్తో చేసింది ఏముంది?" చెప్పింది చెప్పినట్టు రాసేవాణ్ణి. ఇవన్నీ ఎందుకని పైవాళ్లు కసిరారు. వీటికి గడి లేదు కదా అన్నారు. కాగితం వెనక్కి తిప్పి రాశాను.