పేజీ అంచున వేళ్లు

ఏలూరు నుంచి ఆకివీడు వెళ్లే బస్సులో నా పక్కన ఒక గ్రంథాలయ ఉద్యోగి కూర్చున్నారు. పాత పుస్తకాలను ఫోన్‌తో స్కాన్ చేసే ట్రైనింగు నుంచి వస్తున్నారు. ఇదివరకు చేసిన స్కాన్లలో వేళ్లు పడిన పేజీలన్నీ డిలీట్ చేసి, మళ్లీ స్కాన్ చేయమన్నారట. ఫోన్‌లో అలాంటి పేజీ ఒకటి నాకు చూపించారు.

"ఇవి మా అటెండరు గారి వేళ్లండీ. పుస్తకం ఆయన పట్టుకుంటే నేను స్కాన్ కొట్టేవాణ్ణి. 'వేలు పక్కకి తియ్యవయ్యా బాబూ' అని రోజూ విసుక్కునేవాణ్ణి. కిందటి నెల పోయారండీ. మా దగ్గర ఆయన ఫోటో ఒక్కటీ లేదు."

ఒక్కో పేజీనీ పెద్దది చేసి, ఆ వేళ్లను చూసి డిలీట్ చేస్తున్నారు. చివరిది మిగిలాక ఫోన్ నా చేతికిచ్చారు.

"ఏవండీ, ఇది మీరు నొక్కండి."

నొక్కాను. అదొక్కటీ ఉంచుకోండి అనాలని బస్సు దిగాక గాని నాకు తోచలేదు.