లోర్నా గేజి

దక్షిణ వర్జీనియాలోని ఆ చిన్న తారు ట్రాకు మీద డ్వైట్ రేసు కారు నడిపితే, దాని టైర్లలో గాలి పెట్టేది అతని భార్య లోర్నా. మలుపులన్నీ ఎడమకే కాబట్టి కుడి టైర్లు ఎక్కువ వేడెక్కుతాయి, వేడికి వాటిలో గాలి ఉబ్బుతుంది. అదంతా ముందే లెక్కేసుకుని ఒక్కో టైరుకు ఒక్కోలా పెట్టాలి. గాలి ఎంతుందో చూపే తన గేజిని ఆమె ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఆ శనివారం కొడుకు టకర్ కొత్త గేజి తెచ్చి, తల్లి చూసిన టైరునే దాంతోనూ చూశాడు.

"అమ్మా, నీది రెండు పాయింట్లు ఎక్కువ చూపిస్తోంది! ఇన్నేళ్లూ దీన్నా నమ్ముకున్నావు?"

డ్వైట్ పకపకా నవ్వాడు. లోర్నాకు ఒళ్లు మండింది.

"అయితే నువ్వే పెట్టు నాయనా" అంది.

తల్లి ఎప్పుడూ పెట్టే అంకెలనే టకర్ కొత్త గేజితో పెట్టాడు. దాంతో ప్రతి టైరులోనూ రెండు పాయింట్ల గాలి ఎక్కువే పడింది. ప్రాక్టీసులో టైర్లు వేడెక్కగానే గాలి మరీ ఉబ్బి, పట్టు తగ్గి కారు మలుపు మలుపుకీ జారింది.

"ట్రాకంతా సబ్బు రాసినట్టుంది! ఈ కారు రేపే అమ్మేస్తా!" అంటూ డ్వైట్ దిగి హెల్మెట్ విసిరికొట్టాడు.

టైర్లు చల్లారాక లోర్నా తన పాత గేజి తీసి గాలి తగ్గించసాగింది.

"తప్పు చూపించేదాన్ని ఎలా నమ్ముతావమ్మా?" అన్నాడు టకర్.

"ఎప్పుడు చూసినా అదే రెండు ఎక్కువ చూపిస్తుందిరా. మీ నాన్నా అంతే. కారు అమ్మేస్తానన్నాడంటే కాస్త జారిందని అర్థం. ఎంత తగ్గించుకోవాలో తెలిసే కాపురం చేస్తున్నా."

అప్పటికే డ్వైట్ హెల్మెట్ వెతుక్కుంటున్నాడు.