తమ్ముడి దాహం

మా తమ్ముడు పోయిన గురువారం పొద్దున్న, కవిటి దగ్గర మా ఇంట్లోనే, నేను గంజి వార్చి వచ్చేలోపు కన్నుమూశాడు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో మనిషి పోవడం కొత్త కాదు. అతని గురించి ఊళ్లో రకరకాలుగా చెప్పుకుంటున్నారు కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

జీడిపిక్కల వ్యాపారం చేసేవాడు. భార్య పోయాక నా దగ్గరే ఉన్నాడు. డాక్టరు చెప్పిన మేరకు నీళ్లు నేనే కొలిచి ఇచ్చేదాన్ని. గ్లాసు అడుగున మిగిలిన తడిని వేలితో తీసి నాలిక్కి రాసుకునేవాడు. "నిన్ను మిలట్రీలో ఎట్టాల్సిందప్పా" అనేవాడు; మా వైపు అక్కని అప్ప అంటారు. ఇంకో చుక్క పోసేదాన్ని కాదు.

డయాలసిస్‌కి పలాస వెళ్లేవాడు. అక్కడ పక్క మంచం మీది దర్జీ ఒకాయన, ముస్లిం, స్నేహితుడయ్యాడు. రంజాన్ నెలలో ఒక సాయంత్రం, ఉపవాసం విడిచే వేళకి, వాళ్లింటికి వెళ్లి వచ్చి, నాతో అన్నాడు: "మనూళ్లో దాహమంటే జబ్బప్పా. ఎవుడి మంచం మీద ఆడు పడుండాలి. ఆళ్లు దాహాన్ని అందరూ కలిసి కూకుని మోస్తన్నారు."

ఆ తరువాత మతం మారాలన్న ఆలోచన దాచలేదు. "సావు మీదికొచ్చాక మతమేటిరా?" అన్నాను. "ఊరెల్లేటప్పుడే కదా బస్సు అడుగుతాం" అని నవ్వాడు.

అతని కూతురు విశాఖలో ఉద్యోగం చేస్తూ, తనకు నచ్చినవాణ్ని చేసుకుంది. ఫోన్‌లో నిలదీసింది: "రేపు నన్ను ముసుగేసుకోమంటావా నాన్నా?"

"నీ బట్ట నీ ఇష్టం, నీ మొగుడు నీ ఇష్టం. నా దేవుడు నా ఇష్టమవకూడదేటి?"

మసీదులో పెద్దాయనకీ ఇదే చెప్పాడట. కూతుర్ని ఏమీ అననని, ఎవరి బతుకు వారిదేనన్న మాట వదలనని. ఆయన, "తొందరపడకు, మనసు తేల్చుకుని రా" అన్నాడట. తమ్ముడికి అది తేలలేదు. నమాజు వరసలో నిలబడాలని ఉండేది. ఆ వరసలో కూతురికి చోటెక్కడో తెలిసేది కాదు.

ఈలోగా ఊళ్లో తెలిసింది. టీకొట్టు దగ్గర కుర్రాళ్లు, "పేరెప్పుడు మారుత్తన్నావు మావా?" అని నవ్వుతూనే అడిగారు. వారం తిరగకుండా కొబ్బరి దింపేవాళ్లు మా తోటకి రావడం మానేశారు. ఒక డయాలసిస్ రోజు ఆటో రాలేదు. నేనే డ్రైవరు ఇంటికి వెళ్లాను. అతను తలుపు సగమే తీశాడు. "నన్నడక్కు పెద్దమ్మా. బండి కాల్చేత్తామన్నారు."

ఇంకెవరూ బండి కట్టలేదు. మర్నాడు కూతురు కారు తెచ్చేసరికి అతనికి ఊపిరి ఆడడం లేదు. పలాసలో గట్టెక్కించి ఇంటికి పంపారు గానీ, మళ్లీ కోలుకోలేదు. ఆ ఒక్క డయాలసిస్ వంతు తప్పడం వల్లే పోయాడని నేను రాయను, డాక్టరు అలా అనలేదు. తప్పిందని మాత్రం రాస్తున్నాను.

చివరి రోజుల్లో నన్ను కూర్చోబెట్టి అన్నాడు: "ఆళ్ల మతంలో సేరేటప్పుడు సెప్పే కలిమా నేనింకా సెప్పలేదప్పా. సెప్పనోణ్ని అటు తీసుకెల్తే అబద్ధం. సెప్పాలనుకున్నోణ్ని గుడి మనిషని ఊరేగిత్తే అదీ అబద్ధమే. రెండూ కానీకు."

దహనానికే ఒప్పుకున్నాను. చెప్పని మాటను నేను చెప్పించలేను. టీకొట్టు దగ్గరి ఆ కుర్రాళ్లే అందరికంటే ముందు వచ్చారు. "మావోడు, మేమే మోత్తాం" అన్నారు. ఒకడు అతని నుదుటి మీద కనుబొమల దాకా కుంకం పూశాడు. కూతురు తుడిచింది. మళ్లీ పూశాడు.

"తియ్యి చెయ్యి" అన్నాను.

"బొట్టు నేకుండా ఎలా తీసుకెల్తాం పెద్దమ్మా? ఊరేటనుకుంటాది?"

నేనే తుడిచాను. మా వైపు ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. నేను ట్రాక్టరు తొట్టిలో ఎక్కి, తమ్ముడి తల పక్కన కూర్చుని, ఆ నుదుటి మీద అరచెయ్యి వేసి ఉంచాను. ట్రాక్టరు సరుగుడు తోటల మధ్య దారిలో కదిలింది. వెనక ఆ కుర్రాళ్ల బైకులు మమ్మల్ని దాటకుండా, ఆగకుండా, సముద్రం ఒడ్డు దాకా నెమ్మదిగా వస్తూనే ఉన్నాయి.