కానుగ మొద్దు మీద బ్యానర్

ఆ రోజుల్లో కొత్తగా చేరిన టీచరంటే పాఠాలు తప్ప మిగతా పనులన్నీ చెప్పడానికి దొరికిన మనిషి. కార్ఖానా బస్తీలోని మా మిషన్ బడిలో ఆ మనిషిని నేనే. బ్యానర్లు రాయడం, కట్టించడం నా వంతు. (నా దస్తూరి బాగుంటుందని ఇంటర్వ్యూలో చెప్పుకున్నాను మరి, అనుభవించాలి.)

బడికి ఉన్నది ఒకే ఒక్క చెట్టు, కానుగ. దాన్ని పెంచిన సైన్సు మాస్టారిని అందరూ కానుగ సారు అనేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన, ఆ నెలాఖరుకి రిటైరవుతున్నారు. వేసవిలో బోరు ఎండిపోయేది కాబట్టి ఆయన పిల్లలకొక నియమం పెట్టారు: ఇంటికెళ్ళే ముందు సీసాలో మిగిలిన నీళ్ళు చెట్టు మొదట్లో పోసి వెళ్ళాలి. ఆ మిగులు నీళ్ళతోనే అది గుబురుగా ఎదిగింది. ఏడో తరగతి పిల్ల ఒకతైతే చెట్టు కోసం దాహం ఆపుకొని మరీ సగం సీసా మిగిల్చేది. ఆ పిల్లకి చెంబు అని పేరు పడింది. ఈ సంగతి ఎలాగో పైవాళ్ళకు తెలిసి, పర్యావరణాన్ని కాపాడినందుకు సారుకీ చెంబుకీ బహుమతి ప్రకటించారు. సోమవారం మా బడిలోనే సభ.

శనివారం టెంట్‌హౌస్ వాళ్ళు వచ్చి కొలతలు తీసుకుని, చెట్టు వీడియోకి అడ్డమన్నారు. సారు మొహం పాలిపోయింది. "నాకీ బహుమతి వద్దండీ. చెట్టు జోలికి మాత్రం వెళ్ళకండి. నేను వెళ్ళిపోయాక పిల్లలకి నీడంటూ అదొక్కటే," అని బడి కరస్పాండెంట్‌ని బతిమాలారు. "పరేషాన్ గాకుండ్రి సార్. జెర కొమ్మలు కొట్టిపిస్తం, గంతే," అన్నాడాయన. ఆదివారం పొద్దున సారు చర్చిలో ఉంటారని బడిలో అందరికీ తెలుసు. ఆరాధన ముగించుకుని, చంకలో బైబిలుతో ఆయన వచ్చేసరికి మొద్దొక్కటే మిగిలింది. బ్యానర్ రాయడానికి వచ్చిన నేను అక్కడే ఉన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆయన వంగి మొద్దు మీద అరచెయ్యి ఆనించి, "ఇంకా తడిగానే ఉందమ్మాయ్," అన్నారు.

సోమవారం అసలు చిక్కు వచ్చింది. మా బడిలో ఏ బ్యానరైనా ఒక కొస జెండా స్తంభానికి, రెండో కొస కానుగకి కట్టడం ఆనవాయితీ. 'చెట్లను కాపాడుదాం' అని నేను రాసిన బ్యానర్ కట్టడానికి చెట్టు లేదు. అప్పటికే ముఖ్య అతిథి కారు బేగంపేట దాటిందట. "మేడమ్, జెర మీరే పట్టుకోండ్రి, పది నిమిషాల పని," అన్నాడు కరస్పాండెంట్. మొద్దెక్కి, చెయ్యెత్తి తాడు పట్టుకున్నాను. చెట్ల గొప్పతనం మీద ఉపన్యాసం మొదలైంది, ఎంతకీ అవదు. సారు షీల్డు అందుకుని, దాని చెక్కని గోటితో తట్టి చూసి, "ఇదేం చెట్టో పాపం," అనుకున్నారు. ఫోటోల కోసం షామియానా బయటికొచ్చిన అతిథిగారు చెమట తుడుచుకుంటూ, "ఈడ నీడ గీడ ఏం లేదా?" అని అడిగారు. కరస్పాండెంట్ నా వైపు చూశాడు. (నేనేం చెయ్యను, బ్యానర్ కాస్త అటు వంచాను.)

సభ అయిపోయి ఇంటి గంట కొట్టారు. నా చేతిలోంచి తాడు తీసుకోవాలని ఎవరికీ తోచలేదు. మెడలో మెడల్‌తో చెంబు సీసా పట్టుకొచ్చి, "టీచర్, జెర కాలు జరుపుండ్రి," అంది. దాని వెనక అలవాటు కొద్దీ బడి మొత్తం సీసాలతో వరస కట్టింది. "తోసుకోకండర్రా," అని సారు ఎప్పటిలాగే వరస సరిచేశారు. ఒక్కొక్కరూ వచ్చి మొద్దు మీద నీళ్ళు పోశారు. నా చెప్పులూ, చీర కుచ్చిళ్ళూ తడిసి ముద్దయ్యాయి.

కానుగ కొట్టేసినా చిగురిస్తుందని సారు వెళ్ళిపోయేదాకా ఆశపడ్డారు. వేసవి సెలవుల్లో దానిమీద సిమెంటు స్టేజి వేశారు. (బహుమతి వచ్చిన బడి కదా, పక్కా స్టేజి ఉండాలన్నారు.) ఇప్పటికీ కుడిచెయ్యి పైకెత్తితే నాకు భుజం పట్టేస్తుంది. అప్పుడల్లా మొద్దు మీద చెయ్యెత్తి నిలబడ్డ ఆనాటి కొత్త టీచరు గుర్తొచ్చి నవ్వుకుంటాను. అంతమంది పిల్లలు అంత ప్రేమగా నీళ్ళు పోశారు, పాపం, తనూ చిగురించలేకపోయింది.