కోటుకు పెట్టిన నీళ్ల పరీక్ష

మూడు నిమిషాల పదిహేను సెకన్లు. వానకోటు మడతలో గ్లాసుడు నీళ్లు పోసినప్పటి నుంచి మొదటి చుక్క నేల మీద పడేదాకా పట్టిన సమయం అది. ఉదయగిరి బస్టాండుకు రెండు వందల అడుగుల దూరంలో, తొంభై నాలుగు ఆగస్టులో, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఆ చుక్క బరువే. మీకు చెబుతున్నాను.

పాలిటెక్నిక్ డిప్లొమా వచ్చింది, ఉద్యోగం రాలేదు. ఆత్మకూరులో గది తీసుకుని, చుట్టుపక్కల పాత జర్కిన్లు, వానకోట్లు కొని మద్రాసు వ్యాపారికి అమ్మేవాణ్ణి. జిప్పు, కుట్టు, అస్తరు చూసి, అందరి ఎదుటా నీళ్లు పోసి, చేతి గడియారం చూసేవాణ్ణి. ఐదు నిమిషాలు కారకపోతే మంచి సరుకు. జనం ఆ గడియారాన్ని నమ్మారు.

కోటు తెచ్చింది యేసోబు. ఆసుపత్రి గేటు కాపలా మానుకున్న పెద్దాయన. ఇరవై ఏళ్ల కిందట స్వదేశానికి వెళ్లిపోతూ అక్కడి డాక్టరు దొరసాని ఇచ్చిందట. అమ్మి రెండు మేకలు కొనాలని ఆయన ఆశ. రబ్బరు పూత ఎక్కడా పగలలేదు. అంత మంచి కోటు అంతకుముందు నా చేతికి రాలేదు. పరీక్షకు నీళ్లు తేవడానికి ఆయనే వెళ్లాడు. ఆలోపు, బస్తాలు కుట్టే దబ్బనంతో నీళ్లు నిలిచే చంక కుట్టులో ఒక్క పోటు పొడిచాను.

చుక్క పడింది. ఆయన చాలాసేపు నేలనే చూశాడు.

“ఇరవై ఏండ్లు ఈ కోటేసుకోని వానలో గేటుకాడ నిలబడినా సారూ. ఒంటికి తడి తగల్లేదే. తడస్తానే ఉన్నానా ఏంది, నాకే తెలీలేదా?”

“వయసులో తెలీదులే పెద్దాయనా.”

“అంతేలే. నాకు బుద్ధి మందమని మా ఆడది చెప్తానే ఉండాది. తోలు గూడా మందమే అయినట్టుండాది,” అని నవ్వాడు. అరవై రూపాయలు తీసుకుని, నాకు టీ ఇప్పించి మరీ పంపాడు.

బేరమాడి ఉండవచ్చు కదా? నోటితో అబద్ధమాడినా సరిపోయేది కదా? ఆ అబద్ధాన్ని కొలతతో ఎందుకు ఆడించాను? డబ్బే తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చేవాణ్ణేమో. పొడిగా గడిచిన ఇరవై వానాకాలాల మీద ఆయనకే అనుమానం పుట్టించానే, దాన్ని ఏ లెక్కన తిరిగి ఇవ్వను? రెండేళ్లకు చెప్పేద్దామని వెళ్లాను. వానలో ఎరువుల సంచి కప్పుకుని ఎదురొచ్చి, కోటు సంగతి నిజం చెప్పిన సారు ఈయనేనని పక్కవాళ్లకు చూపించాడు. చెప్పకుండానే తిరుగు బస్సెక్కాను. మరోసారి వెళ్లేసరికి ఆయన లేడు.

కొన్నది అరవైకి. చిల్లు మూయడానికి సైకిలు పంక్చరు సొల్యూషన్, ఒక చుక్క. అమ్మింది తొమ్మిది వందలకు. ఆయన కొనలేకపోయిన మేకలు రెండు. దబ్బనం పోటు ఒకటి. పొడిచింది నేను.